పసుపు చేప

"పదకొండింటికి నాలుగు వందల మందితో ఓడ ఆ పగడపు దిబ్బ మీదుగా వెళ్తుంది. విదేశీ ముఠా అక్కడ టైమ్ బాంబు పెట్టింది," అన్నాడు చీఫ్. "ముఠాలో మన మనిషి ఉంది. టార్చి మూడుసార్లు వెలిగిస్తుంది. ఆమె మూత తెరిచి పట్టుకుంటుంది. నువ్వు వైర్లు ఫోటో తీసి పైకి తేవాలి. ఏది కత్తిరించాలో పడవలో నిపుణుడు చెప్తాడు."

"మూత వదిలితే?"

"పేలుతుంది."

చేపల ఫోటోలు తీసే టూరిస్టుగా ఏజెంట్ అప్పటికే వారం రోజులు ప్రాక్టీస్ చేసి ఉన్నాడు. జేబులో పట్టే కెమెరా, నీళ్లు చొరని కేసు. ఆ వారంలోనే చేపల ఫోటోల పిచ్చి పట్టుకుంది.

పదిన్నరకి నీళ్లలో దిగాడు. మూడుసార్లు టార్చి. ముఠా పార్టీల్లో వజ్రాలతో మెరిసే అందగత్తె, రబ్బరు సూట్‌లో, రెండు చేతులా మూత పట్టుకుని ఉంది. వైర్లు ఫోటో తీశాడు.

తిరగబోతుంటే పగడాల సందులోంచి గోళీ అంత పసుపు చేప తొంగి చూసింది. ఒక్క ఫోటో, అనుకున్నాడు. బటన్ నొక్కేలోపు అది తోక చూపించింది. ఇంకొక్కటి. ఇరవై మూడో ఫోటోలో కన్ను స్పష్టంగా పడింది. వాచీ చూస్తే ఆరు నిమిషాలు గడిచాయి. వెనక ఆమె మణికట్టు టార్చి ఆగకుండా ఊగుతోంది.

"నీలం వైరు," అన్నాడు పడవలో నిపుణుడు. "ఇంతసేపేంటి?"

ఏజెంట్ మళ్లీ మునిగాడు.

ఓడ ఇంజన్ చప్పుడు గుండెల్లో తగులుతోంది. ఆమె దగ్గర బుడగలు రావడం లేదు, గాలి అయిపోయింది. అయినా మూత వదల్లేదు. వైరు కత్తిరించాడు. టైమర్ మూడు సెకన్ల దగ్గర ఆగింది. తన గాలి గొట్టం అందించేలోపే ఆమె పైకి దూసుకుపోయింది.

మధ్యాహ్నం చీఫ్ టేబుల్ మీద ఫోటోలు పరిచాడు.

"ఆమె ఊపిరితిత్తి దెబ్బతింది. ఇక ఎప్పటికీ నీళ్లలోకి దిగకూడదట. ప్రవాహం జోరు వల్లే నీకు ఆలస్యమైందని చెప్పింది." పసుపు చేప ఫోటో ముందుకు జరిపాడు. "అంత ప్రవాహంలో ఇదెలా కుదురుగా నిలబడింది?"

ఏజెంట్ చెవులు కాలిపోయాయి. "ప్రవాహం లేదు సార్. చేప కోసం ఆగిపోయాను."

చీఫ్ తిట్టలేదు. తిట్టినా బావుండేది.

ఆస్పత్రిలో ఆమె మంచం దగ్గరికి వెళ్లాడు.

"నా కోసం అబద్ధం ఎందుకు చెప్పారు?"

"అలవాటు," అంది ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపి. "ఇంతకీ ఫోటో బాగా వచ్చిందా?"

"వచ్చిందండీ. అందుకే దొరికిపోయాను."