అక్క దిగిన మెట్లు

తమ్ముడు నవలలు రాస్తాడు, అక్క బట్టలు కుడుతుంది. ఇల్లు గడిచేది మాత్రం కుట్టుమిషన్ మీదే. ఈసారి అతగాడు మాయలూ మంత్రాలూ ఉన్న పెద్ద నవల నెత్తికెత్తుకున్నాడు. పాతాళంలో ఒక నగరం ఉంటుంది, అక్కడికి ఎవరో వెళ్లాలి. ఆ తర్వాత ఏమిటో అతనికే తెలియదు.

“గుడ్డ కత్తిరించే ముందు నేను కొలతలు తీసుకుంటాను కదరా. నువ్వూ కథ ఎటు పోతుందో ముందే గీసుకోవచ్చుగా?” అనేది అక్క.

“ముందే తెలిసిపోతే రాయడంలో మజా ఏముందక్కా?”

“సరే, నీ తిప్పలు నువ్వు పడు.”

అతనికింకో అలవాటుంది. రోజూ చివరి వాక్యాన్ని సగంలో వదిలేస్తాడు. మర్నాడు ఆ కొస అందుకుంటే కలం దానంతటదే నడుస్తుందని నమ్మకం. నిన్న పాతాళానికి ఎవరిని పంపాలో తోచక, అమ్మ పోయాక తనను పెంచిన అక్కనే కథలోకి లాగాడు. “అక్క మెట్లు దిగుతూ...” అని రాసి భోజనానికి లేచాడు.

ఇవాళ మధ్యాహ్నం ఒకటే ముసురు. కరెంటు లేదు. గదిలో ఆరని గుడ్డల వాసన. లైనింగ్ గుడ్డ తెస్తానని అక్క కిందనున్న సామాన్ల గదికి వెళ్లింది. మొత్తం పదకొండు మెట్లు. చెప్పుల చప్పుడు టప్... టప్... మని వినిపిస్తోంది. అతను తీరిగ్గా కలంలో సిరా పోసుకున్నాడు, మూత బిగించాడు, వేళ్లు తుడుచుకున్నాడు. చప్పుడు ఆగలేదు.

పదకొండు మెట్లకి ఇంతసేపా?

తలుపు దగ్గరికి వెళ్లి తొంగిచూశాడు. నాలుగో మెట్టు తర్వాత ఏమీ కనబడలేదు. కిందనుంచి చల్లగా తడిమట్టి వాసన వచ్చింది.

“అక్కా?”

“ఒరేయ్...” గొంతు ఎక్కడో అడుగునుంచి వచ్చింది. “ఇంకా ఎన్ని మెట్లున్నాయిరా?”

“పైకి వచ్చెయ్యక్కా!”

“వెనక్కి తిరుగుదామంటే కాళ్లు వినట్లేదురా...”

సగంలో వదిలిన వాక్యం గుర్తొచ్చింది. పరుగున వెళ్లి కాగితం మీద ‘అక్క’ అన్న మాట కొట్టేశాడు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు... గబగబా ఆ మాట తిరిగి రాశాడు. టప్... టప్... ఇంకా లోతునుంచి.

ఆ మెట్ల అడుగున ఏముందో అతను ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించడానికే భయం. తోచిన ఒకే ఒక్క దారి రాసేశాడు: “...మెట్లు దిగుతూ ఆగి, వెనక్కి తిరిగి, పైకి ఎక్కసాగింది.”

అడుగులు పైకి తిరిగాయి. అంత సంతోషం అతను జన్మలో ఎరగడు. ఏడుస్తూనే గుమ్మంలో మోకాళ్ల మీద కూలబడి చెయ్యి చాచాడు. ఏడో మెట్టు... ఆరు... ఐదు...

“తమ్ముడూ.”

గుసగుస. ఆ అడుగుల దగ్గరనుంచి కాదు. ఎక్కడో చాలా కిందనుంచి.

“ఎక్కేది నేను కాదురా. నేనింకా దిగుతూనే ఉన్నాను... తలుపు వేసేసుకో.”

“మరి నువ్వు?”

“చెప్పిన మాట విను నాన్నా.”

ఇన్నేళ్లలో అక్క మాట విన్నది అదే మొదటిసారి. తలుపు వేశాడు. గడియ పెట్టాడు. నుదురు చెక్కకి ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

అడుగులు అవతల వచ్చి ఆగాయి. తలుపు తట్టలేదు. నెట్టలేదు. మెల్లగా, అటువైపు నుంచి కూడా గడియ పెట్టిన చప్పుడైంది.

ఆ తలుపుకి అటువైపు గడియ లేదు.