పిన్నీసు పెట్టిన చెప్పులు

నారాయణపేట దాటి పది కిలోమీటర్లు పోతే ఒక బోడిగుట్ట, దాని నెత్తిన ఒక సెల్ టవరు. మే నెల, సాయంత్రం నాలుగైంది. బండ మీద చెయ్యి పెడితే ఇంకా చుర్రుమంటోంది. శైలజ బొలెరో వెనక తలుపు తీసి డ్రోను పెట్టె దించింది. రెక్కలు విప్పుతూ, "ఇయ్యాల మొరాయించకే తల్లీ" అని దాన్ని బతిమాలింది. మనుషులకంటే డ్రోనుతోనే ఎక్కువ మాట్లాడుతుందని తమ్ముడు గిరి ఆమెను ఎప్పుడూ ఆటపట్టిస్తాడు.

ఇవాళ గిరి మెడలో ఎర్రగళ్ల తువ్వాలతో చెమట తుడుచుకుంటూ స్టీరింగు ముందే కూర్చున్నాడు. బండి దిగనే లేదు.

గిరి ఒకప్పుడు టవర్లెక్కేవాడు. రెండేళ్ల కిందట ఒక పొద్దున చిట్యాలలో ఇంటికొచ్చి, ఇక ఎక్కనన్నాడు. ఎందుకంటే చెప్పడు. నెల రోజులు సరిగా అన్నం ముట్టలేదు. అప్పటిదాకా పెళ్లిళ్లలో డ్రోను ఎగరేసి వీడియోలు తీసే శైలజ, తమ్ముడి ముఖం చూడలేక టవర్ల ఫోటోల పనికి మారింది. మనిషి ఎక్కకుండానే పైనున్న బోల్టులన్నీ కళ్ల ముందుకు తెచ్చే పని అది. తమ్ముణ్ణి డ్రైవరుగా పెట్టుకుంది. నీలం లేసుల బూట్లు కొనిచ్చి, "ఇగ ఇవి ఇప్పే పని లేదు" అంది.

ఆ మాటకు అర్థముంది. టవరెక్కే మనిషి తన చెప్పులు కింద గేటు దగ్గర విడిచి ఎక్కుతాడు. అవి అక్కడ ఉన్నంతసేపు పైన మనిషి ఉన్నట్టే, గేటుకు తాళం వెయ్యరు. కింద ఒక జతగాడు కాపలా ఉంటాడు. పని అయ్యాకనో, మబ్బు పట్టినప్పుడో వాడే మూడుసార్లు "దిగు" అని కేకెయ్యాలి. ఆ కేక చెవిన పడందే పైవాడు కాలు కదపడు. పైవాడికి కనబడనివి కిందవాడికి కనబడతాయి కదా మరి!

మొన్నటి గాలివానకు పై మెట్టు కింద, అంటే టవరు కొసన మనిషి నిలబడే ఇనుప పలక కింద, నాలుగు బోల్టులు సడలాయని అనుమానం. ఆఫీసులో కమలాకర్ సారు పొద్దున్నే ఫోను చేసి తేల్చి చెప్పాడు. "ఫోటోలు సాఫ్ రావాలె శైలజా. రాకపోతే రేపు గిరిని ఎక్కిస్తం. వేరే మనిషి లేడు."

గేటు దగ్గర చెప్పుల జత కనబడింది. రబ్బరు చెప్పులు. ఎడమదాని బద్దె తెగితే పిన్నీసు గుచ్చి నెట్టుకొస్తున్నాడు ఎవరో. గుట్టంతా దుమ్ము కొట్టుకుపోయి ఉంటే, వాటి మీద మాత్రం దుమ్ము లేదు.

పక్క బండ నీడలో మేకలు కాసే గుర్వమ్మ కూర్చుని ఉంది. శైలజ ఆమెను అడిగింది.

"పైన ఎవరన్న ఉన్నరా అవ్వా?"

"ఉన్నడు బిడ్డా. ఎక్కి శాన దినాలాయె. దిగుతలేడు."

శైలజ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఉత్త ఇనుము, ఉత్త ఆకాశం. ముసలామెకు వడదెబ్బ తగిలిందనుకుని నవ్వుకుంది.

"ఆ చెప్పులు ముట్టకు," అంది గుర్వమ్మ, నవ్వకుండా.

డ్రోను లేచింది. టవరు చుట్టూ తిరుగుతూ, ఒక్కో మెట్టు దగ్గర ఫోటోలు తీస్తూ పైకి పోయింది. అంతా సాఫీగానే ఉంది. తుప్పు, పిట్టగూడు, చిక్కుకున్న పతంగి తోక. చివరి మెట్టు చేరింది. రిమోట్ తెర మీద మూడు బోల్టులు కనబడ్డాయి. నాలుగోదాని మీద నల్లగా ఏదో ఉంది.

శైలజ బొమ్మను దగ్గరికి లాగి చూసింది.

చెయ్యి. తొడుగు వేసుకున్న చెయ్యి. వేళ్ల కొసలు కమిలి ముడుచుకుపోయి... బోల్టును గట్టిగా పట్టుకుని ఉంది.

తెర మీంచి తలెత్తి టవరును చూసింది. ఏమీ లేదు. మళ్లీ తెర చూసింది. ఉంది. డ్రోనును అవతలి పక్కకు తిప్పింది. చెయ్యి అక్కడికీ వచ్చింది. ఎటు తిప్పితే అటు, కెమెరా కంటే ముందే వచ్చి బోల్టును మూసేస్తోంది. ఆమె వేలి కింద మీట జారింది. డ్రోను వెనక్కి జరిగింది. అప్పుడు మనిషంతా కనబడ్డాడు. మెట్టు అంచున కాళ్లు వేలాడేసుకుని, తల వంచి, గేటు వైపు చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడు...

మబ్బు తునక లేని ఎండలో వాన వాసన వచ్చింది. దాని వెనకే వెంట్రుకలు కమిలిన వాసన.

"గిరీ," అంది శైలజ. "ఓసారి రా."

గిరి వచ్చాడు. తెర చూశాడు. చూసి, ఉన్నచోటనే చతికిలబడ్డాడు.

"హనుమంతు," అన్నాడు గుసగుసగా. "రెండేండ్ల కింద ఇదే టవర్ ఎక్కిండు. గా దినం కింద నేనే ఉన్నక్కా. మబ్బు వట్టింది. సీదా వస్తదా పక్కకు పోతదా చూద్దామని ఆగిన. పిడుగు వడ్డది. నేను ఉరికిన. దిగు అనలే... వెనక్కి చూడలే. పొద్దుగాల శవాన్ని దించిన్రు. చెప్పుల సంగతి ఎవ్వలకు యాదికి లేదు."

శైలజకు ఏడుపొచ్చింది. తమ్ముడు రెండేళ్లు ఇంత బరువు ఒక్కడే మోశాడా! కానీ ఏడ్చే తీరికెక్కడిది? ఆ చెయ్యి తొలగందే ఫోటో రాదు. ఫోటో రాకపోతే రేపు ఎక్కేది వీడే.

"లే. ఇప్పుడన్న పిలువు. దిగు అను."

గిరి గేటు దాకా నడిచాడు. తల పైకెత్తాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. "నాతోని కాదక్కా," అని నిచ్చెన పట్టుకుని వెక్కిళ్లు పెట్టాడు.

అక్క కదా, ఊరుకోలేకపోయింది. తానే కేకేసింది.

"హనుమంతూ, దిగు! దిగు తమ్మీ! దిగు!"

"నువ్వు గాదు బిడ్డా!" అని అరిచింది గుర్వమ్మ. "వాడు పిలవాలె! వేరేటోళ్లు పిలిస్తే ఊకె దిగడు!"

అప్పటికే మూడూ అయిపోయాయి.

పైన ఎక్కడో నిచ్చెన మెట్టు టంగుమంది. దాని కింది మెట్టు... దాని కిందిది... నింపాదిగా, ఒక్కొక్కటే. మేకలన్నీ ఒక్కసారి గుట్ట దిగువకు పరుగు తీశాయి. ఉన్నట్టుండి సుడిగాలి లేచి కళ్లనిండా దుమ్ము కొట్టింది. టంగు. టంగు. మెట్లు దిగుతున్నట్టుంది... ఎక్కుతున్నట్టూ ఉంది... ఆగిపోయింది.

ఆమె కళ్లు నులుముకుని చూసింది. గేటు దగ్గర పిన్నీసు చెప్పులు లేవు. గిరి నిచ్చెన పక్కన అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"పోయిండురా," అంది శైలజ, ఊపిరి పీల్చుకుని. గిరి తలూపాడు.

డ్రోనును దించి రెండో బ్యాటరీ వేసింది. దాన్ని అందించిన తమ్ముడి చెయ్యి మంచుగడ్డలా ఉంది. పాపం, ఎంత భయపడ్డాడో అనుకుంది. ఈసారి నాలుగు బోల్టులూ అద్దంలా కనబడ్డాయి. వాటిని మాత్రమే చూస్తూ పది ఫోటోలు తీసి, ఇంకెటూ చూడకుండా సామాను సర్దేసింది. గిరి వెనక సీట్లో ఎక్కి తల వంచుకు కూర్చున్నాడు. వీడు బండి నడిపే తీరున లేడని తానే స్టీరింగు పట్టుకుంది. గుట్ట దిగుతుంటే గుర్వమ్మ రెండు చేతులా ఏవో ఊపుతూ బండి వెంట కొంతదూరం ఉరికింది. దుమ్ములో సరిగా కనబడలేదు. శైలజ కూడా చెయ్యి ఊపింది.

మహబూబ్‌నగర్ దాటాక పొద్దు గూకింది. పెట్రోలు బంకులో ఆగి ఫోటోలు కమలాకర్‌కు పంపింది. ప్రాణం తేలికపడి, పంపినవాటిని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది. బోల్టు. బోల్టు. ఆఖరి ఫోటోలో, బోల్టుల పైన, మెట్టు అంచున రెండు పాదాలు వేలాడుతున్నాయి.

వేళ్లతో ఫోటోను కిందికి జరిపింది. ఎర్రగళ్ల తువ్వాల. దాని పైన గిరి ముఖం. కిందికి చూస్తున్నాడు. ఎవరో పిలుస్తారని చూస్తున్నాడు.

గుర్వమ్మ చేతుల్లో ఊగినవేమిటో అప్పుడు తెలిసింది. నీలం లేసుల బూట్లు.

శైలజ మెల్లగా వెనక్కి తిరిగింది. బంకు దీపాల వెలుగు వెనక సీటు కింద పడుతోంది. అక్కడ రెండు రబ్బరు చెప్పులు. ఎడమదానికి పిన్నీసు.

"జర జల్ది నడుపక్కా," అన్నాడు వెనకనుంచి, గిరి గొంతుతోనే. "ఇంటికి పోక రెండేండ్లాయె."

చేతిలో ఫోను మోగింది. కమలాకర్ మెసేజి.

"ఫోటోలు సూపర్. గేటుకు తాళం ఏయిస్తున్న. ఇగ ఆ టవర్ దిక్కు ఎవ్వరు పోయే పని లేదు."