అప్పాజీకి వచ్చిన ఈజీ మాట

మధ్యాహ్నం మొదటి పీరియడు ఇంగ్లీషు. అన్నాలు తిని వచ్చిన పిల్లలకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఏడో తరగతి గదిలో అప్పాజీ ఒక్కడే నిటారుగా కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.

ముందురోజు ప్రసన్నకుమారి టీచరు ఒక్కొక్కరికీ ఒక్కో ఇంగ్లీషు మాట ఇచ్చారు. దాని అర్థం చెప్పాలి. అదే అర్థం వచ్చే వేరే మాటలు చెప్పాలి. ఆ మాటతో సొంతంగా ఒక వాక్యం కూడా చెప్పాలి. బాగా చెప్పినవాళ్ళు శనివారం తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందూ మళ్ళీ చెప్పాలి.

అప్పాజీకి వచ్చిన మాట ‘ఈజీ’. వాడి పంట పండింది. ఆ మాట ఎప్పుడూ వాడి నోట్లో ఉండేదే. లెక్కలు ఈజీ, కాలవ ఈదడం ఈజీ, కొబ్బరిచెట్టు ఎక్కడం ఈజీ. సగం దాకా ఎక్కి, దిగలేక ఏడ్చిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

వంతు రాగానే లేచి గడగడా అప్పజెప్పేశాడు. ఈజీ అంటే సులువు, తేలిక. సింపుల్ అన్నా అదే. ఎఫర్ట్‌లెస్ అన్నా అదే, అంటే ఒళ్ళు అలవకుండా అయిపోయేది. ఈ చివరి మాట టీచరు బీరువాలోని డిక్షనరీలో వెతికి పట్టుకున్నాడు.

"మరి వాక్యం?" అన్నారు టీచరు.

"మై మదర్స్ వర్క్ ఈజ్ ఈజీ. మా అమ్మ పని ఈజీ అండి."

అమ్మ ఏం చేస్తారని టీచరు అడిగారు. పూతరేకులకి రేకులు తీస్తుందని, కూర్చున్నచోటే కూర్చుని చేస్తుందని చెప్పాడు. ఆత్రేయపురంలో ఆ క్లాసు పిల్లల అమ్మల్లో సగంమంది చేసే పని అదే. అందుకే ఎవరికీ ఆ వాక్యంలో వింత ఏమీ కనిపించలేదు. టీచరు ఒక్క క్షణం ఏదో అనబోయి ఆగారు. వాక్యం తప్పు లేకుండా ఉంది కదా. శనివారం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పమన్నారు, వచ్చిన అమ్మలందరికీ అర్థం కావాలని.

అప్పాజీ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి పరిగెత్తుకెళ్ళి, మీటింగుకి రమ్మని అమ్మకు చెప్పాడు.

వాళ్ళమ్మ వెంకటదుర్గ పెరటి వసారాలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్కసారి పరుస్తూ లాగుతుంది. కనురెప్ప వేసేలోగా తెల్లటి రేకు తయారవుతుంది. దాన్ని చిరగకుండా పైకి తీస్తుంది. అప్పాజీ పుట్టినప్పటినించీ చూస్తున్నదే.

ఏం చెప్పబోతున్నావని అమ్మ అడిగితే అప్పుడే చెప్పనని ఊరించాడు. ఆదివారానికి పెళ్ళివారి ఆర్డరు ఉన్నా, పని ఆపుకొని మరీ వస్తానంది అమ్మ.

శుక్రవారం సాయంత్రం అప్పాజీ ఆడి ఆడి, చెమటలు కక్కుతూ వచ్చాడు. వస్తూనే ముందు గదిలో ఫ్యాను స్విచ్చి నొక్కాడు. ఆ గదిలోనే వెదురు పళ్ళెం నిండా, ఆ రోజు తీసిన రేకులు పేర్చి ఉన్నాయి. వాటిమీద కప్పడానికి గుడ్డ తేవాలని అమ్మ అప్పుడే లోపలికి వెళ్ళింది.

రేకులన్నీ లేచి ఎగిరాయి. గోడలకు తగిలి, ఒకదాన్నొకటి ఒరుసుకుని పొడిపొడి అయ్యాయి. అమ్మ వచ్చేసరికి నేలంతా అటుకులు ఒలకబోసినట్టుంది.

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఫ్యాను ఆపి, చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది.

"ఇవన్నీ మళ్ళీ తియ్యాలి. రేపు బడికి రాలేనేమోరా నాన్నా" అంది.

అమ్మ మీటింగుకి రాకపోతే ఎలా అనుకున్నాడు అప్పాజీ. తనే తీస్తానని వసారాలోకి వెళ్ళి ఇంకా ఆరని పొయ్యి ముందు కూర్చున్నాడు. గుడ్డ ముంచి కుండ మీద లాగితే పిండి ఒకచోటే ముద్దయి మాడింది. ఇంకోసారి లాగితే రేకు చేతిలోకి ముక్కలుగా వచ్చింది. ఆ తర్వాత మణికట్టుకు ఆవిరి కొట్టింది. కళ్ళనిండా పొగ, ఒళ్ళంతా చెమట. ఊపిరాడక చుట్టూ చూశాడు. వసారాకు మూడువైపులా తాటాకు తడికలు కట్టి ఉన్నాయి. వెనకే వచ్చిన అమ్మని, ఒక తడిక కొంచెం ఎత్తమన్నాడు.

"గాలి తగిలితే రేకు చిరిగిపోద్ది. మంట కూడా చెదిరిపోద్ది" అంటూ అమ్మ వాణ్ణి పక్కకు జరిపి గుడ్డ అందుకుంది.

అప్పాజీ అమ్మ వెనకే నిలబడ్డాడు. అమ్మ జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోయింది. రోజూ తను ఫ్యాను కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేటప్పుడు అమ్మ ఇక్కడే, ఇలాగే ఉంటుంది. ఎఫర్ట్‌లెస్ అని అంత గొప్పగా చెప్పిన మాట గుర్తొచ్చి, సిగ్గుతో వాడి మొహం చిన్నబోయింది.

రేకు తీయడం ఎలాగూ రాదు. అందుకని పొయ్యి పక్కన కూర్చుని, మంట తగ్గకుండా ఆకులు అందిస్తూ పోయాడు. రాత్రి పొద్దుపోయేసరికి పళ్ళెం చాలావరకు నిండింది. అయితే రేపు వస్తానులే అంది అమ్మ. అప్పాజీ మాత్రం ఇప్పుడు అమ్మ రాకపోతేనే బాగుండునని అనుకున్నాడు.

శనివారం వెనక వరసలో, మంచి చీర కట్టుకుని, ముందుకు వంగి వింటోంది వెంకటదుర్గ. అప్పాజీ అర్థం చెప్పాడు. వేరే మాటలూ చెప్పాడు. వాక్యం దగ్గరికి వచ్చేసరికి వెనక వరస వైపు చూసి ఆగిపోయాడు. మర్చిపోయాడనుకుని, ముందు వరసలోంచి వాడి క్లాసు స్నేహితుడు గణేష్‌బాబు "మై మదర్స్ వర్క్" అని మెల్లగా అందించాడు.

"మై మదర్స్ వర్క్ ఈజ్ నాట్ ఈజీ."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తెలుగులో చెప్పమన్నారు టీచరు.

"మా అమ్మ పని ఈజీ కాదండి. మొన్న క్లాసులో ఈజీ అని చెప్పానండి. ఎప్పుడూ పక్కన కూర్చుని చూడలేదండి, అందుకే అలా చెప్పాను."

మొదటి చప్పట్లు వెనక వరసలోని అమ్మల నుంచి వచ్చాయి. వెంకటదుర్గ తల దించుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంటికి వెళ్తూ కాలవ గట్టు మీద ఆవిడ అంది.

"పెళ్ళయిన కాడ్నించీ తీస్తున్నాను. ఇది కష్టమని ఎవరూ అన్లేదురా. నువ్వు చెప్పేదాకా నేనూ అనుకోలేదు."

ఆ సాయంత్రం మిగిలిన రేకుల కోసం మళ్ళీ పొయ్యి వెలిగింది. గణేష్‌బాబు బ్యాటు పట్టుకుని వచ్చి పిలిస్తే, అప్పాజీ వాణ్ణి వసారాలోకి రమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాసేపాగి వెళ్దామన్నాడు. కొంతసేపటికే గణేష్‌బాబు చొక్కా తడిసిపోయింది. వాడు తడికల వంక, కుండ వంక, వెంకటదుర్గ చేతుల వంక చూశాడు.

"మా అమ్మ కూడా ఇలాగే కూర్చుంటుందిరా" అన్నాడు మెల్లగా.

అప్పాజీ పొయ్యిలో వెయ్యమని గుప్పెడు ఎండాకులు వాడి చేతిలో పెట్టాడు.