నీలం రిబ్బన్ మనిషి

పెళ్లికూతురి మెడలో పడాల్సిన వజ్రాల నెక్లెస్ పెట్టెతో సహా మాయమైంది.

ఏడింటికి పెళ్లి. ఇన్‌స్పెక్టర్ మేకప్ గదిలో అడుగుపెట్టేసరికి ఐదుంపావు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని 'జిగురు' అంటారు. పట్టుకుంటే వదలడని. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లోలోపల కాస్త సంతోషం కూడా.

గదిలో ముగ్గురున్నారు. ఏడుస్తూ పెళ్లికూతురి పిన్ని. ఏడవడానికి కూడా తీరిక లేని వెడ్డింగ్ ప్లానర్. ఆ ప్లానర్‌కి కారు నడిపే ఆమె తమ్ముడు.

"పెట్టె ఎవరికిచ్చారు?"

"కంసాలి మనిషికి," పిన్ని ముక్కు తుడుచుకుంది. "నెక్లెస్ కొక్కెం వదులైంది. ప్లానర్‌గారు బాగు చేయిస్తామన్నారు. మధ్యాహ్నం ఆవిడ నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. కంసాలి మనిషి నాలుగున్నరకి వస్తాడు, చేతికి రిబ్బన్ ఉంటుంది, చూసి పెట్టె ఇవ్వండి అని. వాడు నాలుగింటికే వచ్చాడు. చురుకైనవాడే అనుకున్నా."

"తర్వాత?"

"నాలుగున్నరకి ఇంకొకడొచ్చి, కంసాలి పంపాడు, పెట్టె ఏదీ అన్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి."

జిగురు ప్లానర్ వైపు తిరిగాడు. "ఈ రిబ్బన్ల సంగతేంటి?"

"సీజన్ సార్. ఇదే ఆవరణలో ఇవాళ మూడు హాళ్లు, మూడు పెళ్లిళ్లు. పోయిన నెల మా డెకరేటర్ పొరపాటున పక్కవాళ్ల పెళ్లికి స్టేజి కట్టేసి వచ్చాడు. అప్పట్నుంచీ నా టీమ్ అంతా చేతికి రిబ్బన్ కట్టుకుంటారు. పెళ్లికో రంగు."

"మెసేజ్ పెట్టింది మీరేనా?"

"నంబర్ నాదే. పెట్టింది మా వర్చువల్ అసిస్టెంట్."

"అంటే కంప్యూటరా?"

"మనిషే సార్. వేరే ఊళ్లో తన ఇంట్లో కూర్చుని పనిచేస్తుంది. ఎవరు ఎప్పుడు రావాలి, ఎవరికి ఏం చెప్పాలి, అన్నీ ఆమే చూస్తుంది. ఈ సీజన్లో నాకు తుమ్మొచ్చినా ఆమే టైమివ్వాలి. పొద్దున కార్లో వస్తూ ఈ నగ సంగతంతా ఫోన్లో ఆమెకే చెప్పాను."

"ఆమెని ఎప్పుడైనా చూశారా?"

ప్లానర్ తడబడింది. "లేదు. గొంతు వినడమే."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను సార్," తమ్ముడు అందుకున్నాడు. "మొహం తెలీని మనిషి చేతిలో ఇంతమంది పెళ్లిళ్లు పెట్టొద్దని. అక్క వింటేనా? నాలుగింటికి ఆవిడ ఫోన్ కూడా ఎత్తలేదట!"

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఇప్పుడు ఎవరికీ కనబడని ఒక ఆడమనిషి నెత్తిన ఎక్కి కూర్చుంది. జిగురు ఆమె చిరునామా అడిగి వాళ్ల ఊరి స్టేషన్‌కి కబురు చేశాడు. తర్వాత ఆమెకి ఫోన్ చేయించి స్పీకర్ ఆన్ చేశాడు.

"నాలుగింటికి ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే సార్. పాపకి జ్వరం. మందు పోసి పడుకోబెడుతూ ఫోన్ సైలెంట్‌లో పెట్టాను."

"దానికి సాక్ష్యం?"

"పాపే సార్. దానికింకా మాటలు రావు."

"మీ ఊరి స్టేషన్ నుంచి జీపు మీ ఇంటికి బయల్దేరింది."

"వద్దు సార్! పోలీసులు గుమ్మంలోకొస్తే మా అత్తగారు నన్ను ఇంట్లో ఉండనివ్వరు. ఫోన్ పట్టుకు కూర్చోవడం ఒక ఉద్యోగమా అని ఇప్పటికే సాధిస్తున్నారు. నేను తియ్యలేదు సార్. మేడం, మీరైనా చెప్పండి!"

మేడం నేల చూపులు చూసింది. ఆరు నెలలుగా ఆ గొంతు మీదే వ్యాపారం నడుపుతున్న మనిషి ఒక్క మంచి మాట చెప్పలేకపోయింది.

జిగురు పిన్నిని అడిగాడు. "మొదటివాడి రిబ్బన్ ఏ రంగు?"

"నీలం. రంగేదో మెసేజ్‌లో లేదు."

"రెండోవాడిది?"

"పసుపు."

జిగురు చుట్టూ చూశాడు. ప్లానర్ చేతికి పసుపు. తమ్ముడి చేతికి పసుపు. గుమ్మం దగ్గర పూలబుట్టలు మోస్తున్నవాళ్లకీ పసుపే.

"మరి నీలం ఏ పెళ్లిది?"

"ఇదే పెళ్లిది సార్. పొద్దున నీలమే అనుకున్నాం. వెయిటర్ల యూనిఫాం కూడా నీలం, రిబ్బన్ తెలియడం లేదని పదకొండింటికి మార్చేశాం. అందరికీ చెప్పమని ఈ అమ్మాయికే చెప్పాను."

"చెప్పాను మేడం," అంది ఫోన్లో గొంతు. "కంసాలితో సహా అందరూ అందిందని జవాబిచ్చారు."

జిగురు కానిస్టేబుల్‌ని పిలిచాడు. "ఆ జీపుని వెనక్కి పిలిపించు."

"అదేంటి సార్?" తమ్ముడు ముందుకొచ్చాడు.

"దొంగని ఈ అమ్మాయే పంపితే పసుపు కట్టి పంపేది. రంగు మారిన కబురు అందరికీ చేరవేసిందే ఆమె కదా! వాడు నీలంతో వచ్చాడు. అంటే పంపినవాళ్లకి నగ సంగతి తెలుసు, రంగు మారిన సంగతి తెలీదు. ఏమ్మా, టీమ్‌లో నువ్వు మెసేజ్ పెట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఒక్కరే సార్. మేడం తమ్ముడుగారు. ఆయన నంబర్ నా దగ్గర లేదు. వాడు ఇంట్లోవాడు, వాడికి నేనే చెప్పుకుంటానన్నారు మేడం."

"చెప్పారా మేడం?"

ప్లానర్ మొహం పాలిపోయింది. "వాడు పదింటికే చుట్టాల్ని తేవడానికి వెళ్లి ఐదింటికొచ్చాడు. ఈ హడావిడిలో... మర్చిపోయాను."

"పొద్దున మీరు కార్లో నగ సంగతి మాట్లాడుతుంటే స్టీరింగ్ పట్టుకున్నదెవరు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తమ్ముడు పసుపు రిబ్బన్ మీదికి చొక్కా చేయి లాక్కున్నాడు.

"ఐదింటికి వచ్చి నువ్వూ పసుపు కట్టుకున్నావ్. అప్పటికే నీ మనిషి నీలం కట్టుకుని వచ్చి వెళ్లిపోయాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మామూలు ఇన్‌స్పెక్టర్‌ని, ఆ రంగే లేకపోతే నావల్లా అయ్యేది కాదు."

"ఊరందరికీ చెప్పావ్!" తమ్ముడు అక్క మీద విరుచుకుపడ్డాడు. "నాకు చెప్పడమే మర్చిపోయావ్! ఈ పనులన్నీ ఒకప్పుడు ఎవరు చేశారక్కా? నేను కాదూ? ఆవిడొచ్చాక డ్రైవర్నయ్యాను. నగ అమ్ముకోవడానికి కాదు. స్నేహితుణ్ణి పంపి తెప్పించి కారు డిక్కీలో పెట్టాను. నింద ఆవిడ మీద పడి నువ్వు ఆవిడ్ని తీసేయగానే నేనే వెతికి తెచ్చినట్టు ఇచ్చేద్దామనుకున్నా."

పెట్టె డిక్కీలో స్టెప్నీ కింద దొరికింది. పిన్ని దాన్ని గుండెకి హత్తుకుని పెళ్లికూతురి దగ్గరికి పరిగెత్తింది.

"నగ దొరికింది," అన్నాడు జిగురు. "కేసు రాయనా, వద్దా?"

"అక్కా," తమ్ముడి గొంతు చిన్నదైపోయింది.

ప్లానర్ కళ్లనిండా నీళ్లే. "రాయండి సార్. ఆ పిల్ల ఇంటికి జీపు పోతుంటే నేను నోరెత్తలేదు. ఇప్పుడు వీడి కోసం ఎత్తితే నేనేం మనిషిని?" ఫోన్ దగ్గరికి వంగింది. "అమ్మాయ్, తప్పయిపోయిందమ్మా. ఇంకా పని చేస్తావా నాకు?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "చేస్తాను మేడం. రేపు పొద్దున్నే ఇంకో పెళ్లుంది కదా. మీకు కారు కావాలని ఇప్పుడే వేరే డ్రైవర్ని మాట్లాడాను. నంబర్ పంపించాను."

కానిస్టేబుల్ వెంట గుమ్మం దాటబోతున్న తమ్ముడు ఆగాడు.

"నా బదులు మనిషిని వెతకడానికి ఎంతసేపు పట్టింది?"

ఆమె ఉన్నమాటే చెప్పింది.

"రెండు నిమిషాలు సార్."