గాజులో వదిలిన దారి

విశాఖలో గాలి నిండా సిగ్నళ్లే. పక్కింటావిడ తన స్టవ్‌ని పిలిస్తే మనింటి స్టవ్ వెలిగేది. ఎవరి ఫోనో మోగితే లిఫ్టు మధ్యలో ఆగేది. రెండువేల తొంభై ఒకటి నాటికి ఈ తరంగాల తగవు పడలేక జనం విసిగిపోయారు. అప్పుడు హేమనళిని తరంగరోధక గాజును తయారుచేసింది.

ఆ గాజు లోపల కంటికి కనపడని వెండి వల ఉంటుంది. వెలుగు అలలు చిన్నవి, వల కన్నుల్లోంచి జారిపోతాయి. రేడియో అలలు పెద్దవి, చేపల్లా చిక్కుకుంటాయి. ఏ గాజైనా తొలి పలక తయారుచేసినవాళ్ల ఇంటికే వెళ్లాలని వాళ్ల ప్రయోగశాలలో ఆనవాయితీ. అలా అది హేమనళిని ఇంట్లో, హాలుకీ బాల్కనీకీ మధ్య నిలిచింది. మిగతా గోడల్లోనూ అదే వల పరిచారు.

ఆమె భర్త శశిధర్ ఆ ప్రయోగశాలలోనే గాజుల్లోంచి తరంగాలు లీకవుతున్నాయేమో పరీక్షిస్తాడు. కిందటేడు అతని గుండె పక్కన ఓ యంత్రం పెట్టారు. దాని ఊసెత్తితే చాలు, "నన్ను రోగిష్టివాణ్ణి చెయ్యకు" అని గయ్యిమనేవాడు. డాక్టరు చెప్పినవన్నీ ఆమే విని, ఆమే గుర్తుపెట్టుకుంది.

గాజు వచ్చాక ఫోను మాట్లాడాలంటే బాల్కనీలోకి వెళ్లాల్సిందే. హేమనళిని రోజూ అక్కడ నిలబడి, చెవిదిద్దులోని ఫోనులో తనతో పనిచేసే ఉదయన్‌తో మాట్లాడుతూ నవ్వేది. లోపలికి ఆ నవ్వు కనపడేది గానీ వినపడేది కాదు. శశిధర్ సోఫాలోంచి ఆ నవ్వునే చూస్తుండేవాడు. తనకేసి చూసి అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఒకరోజు ఉండబట్టలేక మీటరుతో గాజును పరీక్షించాడు. ఒకే ఒక్క తరంగం దాటిపోతోంది. అది పొరపాటు కాదు, వలలో కావాలని వదిలిన సన్నని దారి.

"ఎవరికోసం హేమా ఇది?"

ఆమె తడబడింది. "ఉండనీ. చెప్తే గొడవ చేస్తావు."

అతను విసురుగా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. మర్నాడు ఆమె బాల్కనీలోకి వెళ్లగానే గాజుకి లోపలివైపు, అవతల కనిపించేంత పల్చటి వెండి పొర అతికించేశాడు. ఇప్పుడు పిలవరా ఉదయన్, చూస్తాను, అనుకున్నాడు కసిగా. మీటరు సున్నా చూపించింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

కాసేపటికి ఎడమ చెయ్యి లాగింది. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. సోఫాలో కూలబడ్డాడు.

"శశిధర్ గారూ," ఇంటి యంత్రం మర్యాదగా పలికింది, "మీ గుండె యంత్రం హేమనళిని గారి చెవిదిద్దును పిలుస్తోంది. బయటికి ఉన్న దారి అదొక్కటే. గాజు మీద ఏదో పొర అడ్డుంది. దయచేసి తీసెయ్యండి."

లేవబోయాడు, కాళ్లు రాలేదు. నోరు పెగల్లేదు. ఉన్న బలమంతా కూడదీసుకుని చెయ్యెత్తాడు.

గాజు అవతల హేమనళిని ఇటు తిరిగింది. నిన్నటి కోపం పోయిందనుకుంది కాబోలు, ముఖం విప్పారింది. అతనికేసి నిండుగా నవ్వి, ఒక్క నిమిషమని వేలు చూపించి, మళ్లీ అటు తిరిగింది.