పటంలో ఆరో మనిషి

హడ్సన్ ఊళ్ళో, నది ఒడ్డున గుట్ట మీదున్న హాలెన్‌బెక్ వారి ఇంటికి చెడ్డపేరుంది. వాళ్ళు న్యూయార్క్ వెళ్ళిపోయి అప్పటికి పదేళ్ళు. గుమ్మంలో పట్టనంత పెద్ద పటం మాత్రం హాల్లోనే వదిలేశారు — హాలెన్‌బెక్ గారు, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు, అందరూ పట్టుబట్టల్లో. చీకటి పడితే అందులో మనుషుల లెక్క పెరుగుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు.

మా అత్త కెటూరా ఆ ఇంటికి కాపలా. మా అమ్మ చెప్పగా విన్నానిది. ఆ శీతాకాలంలోనే అత్త కూతురు లూయీ, ఏడేళ్ళది, జ్వరంతో పోయింది. అత్త ఏడవలేదు. పూడ్చేటప్పుడూ ఏడవలేదు. మూడోనాడు పనిలోకి వెళ్ళిపోయింది.

ఆమెను ఎలాగైనా మాట్లాడించాలని రొట్టెలమ్మే మెర్సీ వేళాకోళమాడింది. "జాగ్రత్త వదినా, నిన్ను కూడా పటంలోకి లాక్కుంటారు."

"లాక్కోనీ," అంది అత్త.

మంచు కరిగి పైకప్పు కారడం మొదలైంది. పొద్దు వాలాక అత్త లాంతరు పట్టుకుని లోపలికెళ్ళింది. నీళ్ళు పటం మీదుగానే జారుతున్నాయి. ఏప్రన్‌తో తుడవబోయి...

ఆగిపోయింది.

తల్లి పక్కన, ఎర్ర తెర ఉండాల్సిన చోట — ఒక కన్ను.

లాంతరు దగ్గరగా పెట్టింది. ఒకటి కాదు... రెండు కళ్ళు. చిన్న నోరు. అయిదారేళ్ళ పిల్ల, తెరలోంచి ఇవతలికి వస్తున్నట్టు...

అత్తకి భయం వెయ్యలేదు. ఏమీ అనిపించలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అని గుసగుసగా అడిగింది.



పటంలో పిల్ల కనిపిస్తోందని యజమానికి ఉత్తరం రాయించింది. వారం తిరక్కుండా ఆ పటం గీసిన ముసలాయనే, థ్రాల్ గారు, రంగుల పెట్టెతో దిగాడు.

"దెయ్యం కాదమ్మా," అన్నాడు. "వాళ్ళ కూతురు. పోయాకే నన్ను పిలిచారు. మంచం మీదున్న పిల్లని చూసి, నిలబడ్డట్టు గీశాను. ఇక తల్లి ఆ పటం ముందు నుంచి లేవలేదు... తిండి మానేసింది. తెర గీసి పిల్లని కప్పెయ్యమన్నారు హాలెన్‌బెక్ గారు. కప్పేశాను. ఆ పైరంగే తడికి ఊడింది."

"ఇప్పుడు?"

"మళ్ళీ కప్పమన్నారు."

అత్త పటానికీ ఆయనకీ మధ్య నిలబడింది.

"కప్పేశానని రాయండి. ఇక్కడికొచ్చి చూసేదెవరు?"

ఆయన పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు.

అత్త కుర్చీ లాక్కుని ఆ పిల్లకి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి చలికి చేతులు నొప్పెట్టసాగాయట. లూయీ పోయాక ఆమెకి ఒంట్లో ఏదైనా తెలియడం — అదే మొదలు.