ఐదు కామాలు

కిటికీలోంచి మీరేం చూశారో ముందు చెప్పండి. ఒక గది, బొగ్గుల పొయ్యి, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు ఇద్దరు ముసలమ్మలు. అంతేనా? అయితే మీరు సరిగా చూడలేదు.

గాంగ్వాన్ కొండల్లో ఆ బొగ్గు గని మూతపడి ఆరేళ్ళు. గేటు పక్కన కార్మిక సంఘం గది ఒక్కటే మిగిలింది. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని చచ్చిన నలభై ఒక్క మంది పేర్లు ఆ సాయంత్రం ఐదులోపు సియోల్‌లో వకీలుకు చేరాలి. చేరకపోతే వాళ్ళ పెళ్ళాలకు పరిహారం దక్కదు. నాలుగున్నరైంది. ఫోను తీగకు తగిలించిన మోడెమ్ నెంబరు తిప్పి ఇంటర్నెట్టు కలపడానికే ఐదు నిమిషాలు తింటోంది. కలిసేలోపు తెగిపోతోంది.

"మా మామగారి ఎద్దు నయం వదినా. కొడితే కదిలేది," అంది మాల్న్యో.

"నోరు మూసుకుని పొయ్యి చూడు," అంది ఫిల్సూన్.

పదేళ్ళుగా ధర్నాలు, లాఠీలు, కోర్టు మెట్లు. ఆమెకు ఇప్పుడు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. త్వరగా కలవడానికి వకీలు రాసి పంపిన కాగితం తీసింది. 'సెట్టింగుల్లో అక్కర్లేని టిక్కులు తీసెయ్యండి.' తీసింది. 'నెంబరులో కామాలుంటే తీసెయ్యండి. ఒక్కో కామాకి మోడెమ్ రెండు సెకన్లు ఆగుతుంది.'

బయటి లైను కోసం ముందు పెట్టే తొమ్మిది అంకె పక్కన ఐదు కామాలున్నాయి. చచ్చిపోయిన కార్యదర్శి డక్బే పెట్టినవి. ఎందుకో ఆమెకు తెలుసు. గని లోపలి ఫోనుకీ ఈ గది ఫోనుకీ తీగ ఒకటే. బయటికి ఫోను చేసే ముందు పది సెకన్లు చెవొగ్గి వినాలి, కింద నుంచి ఎవరైనా పిలుస్తున్నారేమోనని. గనివాళ్ళ ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి అది. డక్బే దాన్ని యంత్రానికీ నేర్పాడు.

"తీసెయ్యి వదినా. ఇప్పుడు కింద ఎవరున్నారని?" అనేసి మాల్న్యో నాలుక కరుచుకుంది.

ఫిల్సూన్ మొగుడు చాంగ్గిల్ కిందే ఉన్నాడు. గని పైకప్పు కూలినప్పుడు మూడో రోజే వెతకడం ఆపేశారు.

ఆమె కామాలు తీసేసింది.

చిటికెలో కలిసింది. మోడెమ్ కీచుమని అరిచి ఊరుకుంది. జాబితా నిదానంగా కదిలింది. సగం వెళ్ళింది...

టక్. టక్. టక్.

నోరు మూసిన మోడెమ్‌లోంచి. కాసేపాగి... టక్. టక్.

బతికే ఉన్నామని గనివాళ్ళు కొట్టే గుర్తు అది.

గదిలో తడి బొగ్గు వాసన. ఆ తర్వాత ఒక దగ్గు. ఆ దగ్గు పక్కన ఆమె పద్దెనిమిదేళ్ళు పడుకుంది.

చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

"ఎత్తకు వదినా..." మాల్న్యో గుసగుసలాడింది. "ఎత్తితే లైను తెగుతుంది. మళ్ళీ కలవదు."

నాలుగూ యాభై ఆరు.

టక్. టక్. టక్.

"నలభై ఒక్క మంది," అంది ఫిల్సూన్, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "నలభై ఒక్క మందయ్యా..." ఎత్తలేదు.

జాబితా చేరింది. చప్పుడు ఆగింది.

అప్పుడు ఎత్తింది. ఏమీ లేదు. గని వైపు ఆరేళ్ళ కిందే తెంచేసిన తీగలో ఏముంటుంది?

తెర వైపు చూసింది. నెంబరులో తొమ్మిది పక్కన మళ్ళీ కామాలు. ఐదు కాదు. గడి చివరిదాకా ఉన్నాయి. చూస్తుండగానే ఇంకొకటి పడింది. రెండు సెకన్లకు ఇంకొకటి... ఇంకొకటి...

కిటికీలోంచి అంతా చూశారు కదా. మీరైతే ఎత్తేవారా?